జూలై ఒకటిన పుట్టినవాళ్ళు

మా పై అంతస్తు మాస్టారు పోయారన్న కబురు జూలై ఒకటి పొద్దున్నే మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను చదివి కూడా దాటేశాను. రోజూ అదే వేళకు ఆయన "చరిత్రలో ఈ రోజు" అని ఒక జాబితా పంపేవారు: పట్టాభిషేకాలు, యుద్ధాలు, పుట్టినవాళ్ళు, చివర్న పోయినవాళ్ళు. ఇదీ అందులో భాగమే అనుకున్నాను. కాఫీ తాగాక మళ్ళీ చూస్తే పంపింది ఆయన కూతురు.

దోహాలో మనవాళ్ళంతా ఇప్పుడాయన్ని విజ్ఞాన భాండాగారం అంటున్నారు. కాదు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పినదాన్ని, నాకు తెలుసు. రోజుకు రెండు తప్పులకు తక్కువ ఉండేవి కావు. ఒకే రాజును మూడు తేదీల్లో పుట్టించిన ఘనుడు. నేను గ్రూపులోనే దిద్దేదాన్ని. లిఫ్టులో ఎదురైతే, "లెక్చరరమ్మా, ఇయ్యాల ఎన్ని మార్కులేసిండ్రు?" అనేవారు.

"ఫెయిలు."

"తారీఖు లేకుంటే మనిషికి ఆనవాలే లేదమ్మా, అందుకే రాస్త" అనేవారు. అబూ హమూర్‌లో పైనా కిందా కాపురమున్న మూడేళ్ళూ మా మధ్య నడిచిన మాటలు దాదాపు ఇంతే.

మొన్న మార్చిలో ఒక శుక్రవారం ఆయన పాత శిష్యుడొకడు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో తాపీ మేస్త్రీ. మాస్టారూ నేనూ మెట్ల దగ్గర ఉండగానే మొదలుపెట్టాడు.

"సార్, కంపెనోడు అరవై నిండినయంటుండు. వీసా రెన్యూవల్ మాఫీ, ఇగ లేదంటుండు. నాకు యాభై ఎనిమిదే గదా! బిడ్డ నర్సింగు ఇంక రెండేండ్లున్నది."

అతని పాస్‌పోర్టులో పుట్టిన తేదీ జూలై ఒకటి, బడి సర్టిఫికెట్లో ఉన్నదే. ఆ రోజూ, ఆ ఏడూ రాసింది అప్పట్లో వాళ్ళ బడిలో కొత్తగా చేరిన ఈ మాస్టారే. పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ రిజిస్టర్లో జూలై ఒకటే. బళ్ళో చేర్చుకునే ఈడు వచ్చిందా అన్నదానికీ ఒకటే పరీక్ష: కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే ఐదేళ్ళు నిండినట్టు.

"నీకు మూడేండ్లకే అందిందిరా" అన్నారు మాస్టారు. "చెయ్యి పొడుగు."

నేను ఊరుకోలేదు. "రాజుల పుట్టినరోజులు రోజూ మా మొహాన కొడతారు. ఎదురుగా నిలబడ్డ పిల్లాడి పుట్టినరోజు వాళ్ళమ్మని అడగలేకపోయారా? ఇది పొరపాటు కాదు మాస్టారూ. ఒక మనిషి బతుకులో రెండేళ్ళు మింగేశారు."

ఆయన నావైపు చూడలేదు. "రాసింది నేనే. పోయి చెప్పేది గూడ నేనే" అన్నారు.

కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాసి నా దగ్గరకే దిద్దడానికి తెచ్చారు. మూడుసార్లు తిప్పి పంపాను. తప్పు తనదేనన్నది మొదటి వాక్యంలోనే ఉండాలన్నాను. ఎదురు చెప్పకుండా రాసుకొచ్చారు. ఎనభై ఏళ్ళ మనిషి, మే నెల ఎండలో శిష్యుణ్ణి వెంటబెట్టుకుని లుసైల్ వెళ్ళి, ఆఫీసులో అందరి ముందూ అతనిచేత నెత్తి మీదుగా చెవి పట్టించారట. క్లర్కు పాస్‌పోర్టు ఒక్కటే చూసి, "యల్లా, యల్లా" అని బయటికి దారి చూపించాడట.

మేస్త్రీ జూన్‌లో ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి జాబితాలో పుట్టినవాళ్ళ వరుస మాయమైంది. ఇక అన్నీ యుద్ధాలూ, చావులూ. నేను మాత్రం దిద్దడం మానలేదు.

ఊరందరికీ ఉత్తుత్తి పుట్టినరోజుగా రాసిపెట్టిన ఆ జూలై ఒకటినే పోయారు. ఆ తేదీ కింద నేను దిద్దనక్కర్లేని సంగతి అదొక్కటే.

మధ్యాహ్నం మేస్త్రీకి వీడియో కాల్ చేసి చెప్పాను.

"సారు పోయిండా!" అన్నాడు.

"నీకాయన మీద కోపం లేదటయ్యా?"

"కోపమెందుకమ్మా? గంత ఎండల నా కోసం వచ్చిండు."

"వచ్చి ఏం సాధించారు? నాకుంది కోపం. ఉంచుకుంటాను కూడా."

"సారుదేం తప్పు లేదమ్మా. చూడుండ్రి" అంటూ కుడిచెయ్యి నెత్తి మీదుగా తిప్పాడు. వేళ్ళు ఎడమ చెవి దాటి దవడదాకా వచ్చాయి. నేను చూశానని చెప్పినా అతను ఆ చెయ్యి దించలేదు.