వన్స్ మోర్

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల జోరులో సింగపూర్ వచ్చి, బూన్ లేలో ఓ తెనాలి అంకుల్ ఫ్లాట్‌లో ఇద్దరం గది అద్దెకు తీసుకున్నాం. నా రూమ్మేట్‌కు రెండు టర్న్‌టేబుళ్లుండేవి. సాయంత్రాలు రికార్డుల్ని చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పి సంగీతం పుట్టించేవాడు. పక్క ఫ్లాట్‌వాళ్లు దానికి వేరే పేరు పెట్టి అంకుల్‌కు ఫిర్యాదు చేశారు.

“ఆ గీకుడు మానేస్తావా, గది ఖాళీ చేస్తావా?” అన్నారాయన.

“ఒక్కసారి వినండంకుల్,” అంటూ వాడు ఇంటినుంచి తెచ్చుకున్న పద్యనాటకం రికార్డు పెట్టాడు. పద్యం చివరి రాగం అయిపోతుండగా రికార్డును వెనక్కి లాగాడు. అదే రాగం మళ్లీ మొదలైంది. ఇంకోసారి లాగాడు.

“వన్స్ మోర్,” అన్నారు అంకుల్, పందిరి కింద చాప మీద కూర్చున్నవాడిలా.

మా వైపు జనం అరిచి నటుడి చేత చేయించుకునే పనినే వీడు వేళ్లతో చేస్తున్నాడని నాకప్పుడు తట్టింది. అంకుల్ గొంతు సవరించుకున్నారు.

“సరే, ఉండు. పద్యాలైతే గీక్కో.”