పడవకెక్కిన బోర్డు

ముందే చెబుతున్నాను, నేను కోతలరాయుణ్ణి. దోమ కుట్టిందని మొదలుపెట్టి ఏనుగు తొక్కిందని ముగించే రకం. తెనాలిలో నా హాస్య ప్రసంగం లేని పెళ్ళి ఉప్పు లేని పప్పని అనేవారు. ఎవరనేవారని అడక్కండి, నేనే అనేవాణ్ణి. కాబట్టి ఇక్కడా అక్కడక్కడ గాలి కొట్టే ఉంటాను. కానీ అడుగున ఒక బరువుంది. దాన్ని నేను పెంచలేదు. పందొమ్మిది వందల అరవైల చివర్నుంచి అది నా గుండెల మీదే కూర్చుంది. మా ఆవిడకి సగం తెలుసు. మిగతా సగం మీకే చెబుతున్నాను.

ఒక మనిషితో, మామిడి చెక్కని టేకు అన్నాను. అంతే నేను చేసింది. అంతేనా?

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక పెద్దమనిషి ఫైనాన్సు కంపెనీ పెట్టాడు. పేరెందుకు, ప్రొప్రయిటరు గారందాం. జనం దగ్గర డిపాజిట్లు తీసుకుని వడ్డీ ఇస్తానంటాడు. ఆ సంగతి ఊరూరా చెప్పడానికి నన్ను పెట్టుకున్నాడు. నవ్వుతున్నవాడి పిడికిలి వదులుగా ఉంటుందని ఆయన సిద్ధాంతం.

సరిగ్గా అప్పుడే బాపట్లలో ఒక లెక్చరరు మిత్రుడి ఇంట్లో పాత ఇంగ్లీషు పత్రిక నా చేతికొచ్చింది. అందులో జపాను దేశపు డబ్బు సంస్థ ఒకదాని పుట్టుపూర్వోత్తరాలు. ఎప్పుడో రాజుల కాలంలో అదొక బట్టలకొట్టు. కొట్లో ఓ మూల నాణేలు మార్చే బల్ల. ఆ బల్లే పెరిగి బ్యాంకయింది. బ్యాంకు పక్కన బీమా, బీమా పక్కన షేర్ల వ్యాపారం, ఇంకా గనులూ ఓడలూ. యుద్ధంలో ఓడిపోయాక గెలిచినవాళ్ళు వచ్చి దాన్ని ముక్కలుగా నరికారు. ముక్కలు చావలేదు. దీని వాటాలు అది, దాని వాటాలు ఇది కొనుక్కుని, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నిలబడ్డాయి. అన్నిటికీ పైన ఒక తల లేదు. ఆ పెద్దలంతా కలిసి భోంచేస్తారట, అంతే.

నేను దాన్ని గోధుమరంగు కాగితం మీద సున్నాలుగా చుట్టి, సున్నా నుంచి సున్నాకి బాణాలు గీసి, ప్రొప్రయిటరు గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

“ఈ బాణాలు బాగున్నాయయ్యా. మనకీ పెట్టు” అన్నాడు.

ఆ నెల తిరక్కుండా ఒక కంపెనీ నాలుగు కంపెనీలయింది. తెనాలిలో రెండు బోర్డులు, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి. తెనాలి ఆఫీసు ఒకటే గది, ఒకటే ఫ్యాను. ఆ ఫ్యానే రెండు కంపెనీలకీ తిరిగేది. బోర్డుల చెక్క కోసం వడ్రంగి దగ్గరికి నేనే వెళ్ళాను. ప్రొప్రయిటరు గారు చవకలో మామిడి చెక్క తెమ్మన్నాడు. టేకు రంగు వేయించాము. దాని మీద ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని రాయించాము. ఆ ముక్క నాదే.

నాకు తెలియదనుకుంటున్నారా? తెలుసు. రేపల్లె ఆఫీసుకి పెద్దమనుషులు ఎవరైనా ఇనప్పెట్టె చూడ్డానికి వస్తున్నారంటే, తెనాలి పెట్టెలో డబ్బు టిఫిన్ క్యారియర్‌లో పెట్టుకుని ఉదయం బండికి తీసుకెళ్ళేది నేనే. మధ్యాహ్నం తిరిగి తెచ్చేదీ నేనే. బాపట్లకీ అదే క్యారియర్. అక్కడ జపానులో వాటాలు తిరిగేవి. ఇక్కడ గిన్నెలు తిరిగేవి. మరి అప్పుడే ఎందుకు మానలేదు? జీతానికి ఆశపడ్డానా? పడ్డాను, కొంచెం. అసలు సంగతి అది కాదు. నేను నోరు తెరిస్తే జనం నవ్వేవాళ్ళు. ఆ నవ్వు కోసం నేను దేన్నయినా చెప్పగలను, ఆఖరికి నాకే నమ్మకం లేనిదాన్ని కూడా, అది ఎవరి ఇంటి మీద పడుతుందో చూడకుండా.

రేపల్లె అవతల, నగరం అనే ఊరు దాటి కాలవ గట్టున నడిస్తే వచ్చే ఒక చేపలరేవుకి డిపాజిట్ల కోసం వెళ్ళాను. అక్కడివాళ్ళకి వాటాల గురించి నేను చెప్పాల్సిన పని లేదు. వేట తెచ్చిన చేపల్లో పడవకో పాలు, వలకో పాలు, ఎక్కినవాళ్ళకి తలో పాలు. ఒకే పడవని ముగ్గురు కలిసి కొంటారు. అందుకని నా జపాను వాళ్ళకి ఇట్టే ఎక్కింది. అక్కడే పొరపాటూ జరిగింది. వాళ్ళ లెక్కలో పాలంటే కాగితం కాదు, చెక్క.

పోలయ్య అని ఒక పెద్దాయన ముందు వరసలో గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరితో కలిసి కొన్న పడవలో తన పాలు అప్పుడే అమ్మేశాడు. ఆ డబ్బు వడ్డీకి వేసి, ఎవరి పాలూ లేని సొంత పడవ కట్టించుకోవాలని ఆయన ఆశ.

“బాబూ, పడవ పగిలితే పాలోళ్ళం చెక్కలు పంచుకుంటామండి. మీ కంపెనీ పగిలితే నాకేం చెక్క వస్తదండి?” అన్నాడు.

“కంపెనీ పగలడమేంటి బాబాయ్! నాలుగు పడవలు కలిపి కట్టాం. ఒకటి మునిగితే మూడు పైకి లాగుతాయి. అంతగా అయితే తెనాలొచ్చి మా బోర్డు పీక్కుపో!”

“అదేం చెక్కండి?”

“అసలు సిసలు టేకు!”

“టేకేనా?”

“నీ పడవకంటే ముసలిది, నీకంటే గట్టిది!”

రేవు రేవంతా పడీ పడీ నవ్వింది. వెనకనుంచి ఎవరో “ఒరే పోలిగా, జపానోడి చెక్క కొట్టేశావురా!” అని అరిచారు. పోలయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే పంచె కొంగున ముడేసిన డబ్బు విప్పాడు.

ఏడాది తిరిగేసరికి ప్రొప్రయిటరు గారు కనబడకుండా పోయాడు. బాపట్లకి తాళం, రేపల్లెకి తాళం, తెనాలికి రెండు తాళాలు. కలిపి కట్టిన పడవలు కలిసే మునిగాయి.

మిగిలినవాళ్ళు అరిచారు, తిట్టారు, పోలీసుల దగ్గరికి వెళ్ళారు. పోలయ్య ఒక్కడూ గునపం పట్టుకుని తెనాలిలో రేపల్లె బండి దిగి, నేరుగా మా ఆఫీసు దగ్గరికి వచ్చాడు. ఎదురుగా కాఫీ హోటల్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. నిదానంగా, మేకు వంకరపోకుండా, బోర్డు ఊడదీశాడు. మేకులు కూడా రొంటిన దోపుకున్నాడు. దాన్ని తల మీద పెట్టుకుని బజారు వెంట నడుస్తుంటే మా తెనాలి జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వూ నాదే కదా. నేను రేవులో విత్తింది తెనాలి బజార్లో కాసింది.

అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. నేను తల ఎత్తలేకపోతుంటే, “నీ తప్పేముంది బాబూ, నువ్వూ మాలాగే నమ్మావు” అని నా భుజం తట్టి వెళ్ళాడు.

తర్వాత ఎవరో వదిలేసిన పాత పడవ ఒకటి తెచ్చుకుని బాగుచేసుకున్నాడు. ఒకసారి రేపల్లె వెళ్ళినప్పుడు దూరం నుంచి చూశాను. పడవ పక్కన, నీటి గీత దగ్గర ఏటవాలుగా, నా అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ‘నమ్మకమే’ వరకే కనబడింది. మిగతాది నీళ్ళలో ఉంది.

ఆ చలికాలం గాలి పెద్దదేమీ కాదు. పోలయ్య పడవ తప్ప మిగతావన్నీ ఒడ్డుకొచ్చాయి. కూడా వెళ్ళిన కుర్రాణ్ణి పక్క పడవవాళ్ళు లాగారు. పోలయ్య దొరకలేదు. అడుగు చెక్క ఊడి నీళ్ళొచ్చాయని చెప్పుకున్నారు. ఏ చెక్క అని నేను అడగలేదు. పాత పడవ, ఏ చెక్కయినా అయి ఉండొచ్చు. ఇన్నేళ్ళూ ఆ ‘అయి ఉండొచ్చు’ మీదే పడుకుని నిద్రపోయాను. నిద్రపోయానా?

ఇందులో ఏది నిజం, ఏది కోత అంటారా. ఆ ఫ్యాను రెండు కంపెనీలకి తిరగలేదు. అసలు తిరిగేదే కాదు. బోర్డు నిజం, పడవ నిజం, తలకిందుల అక్షరాలు నిజం.

పోలయ్య మా అరుగు మీద కాఫీ తాగాడన్నానే, అది నేను కల్పించింది. ఎన్నోసార్లు కల్పించుకుని, ఆ కాఫీలో పంచదార ఎంత వేశానో కూడా చెప్పగలిగేలా తయారయ్యాను. జరిగింది వేరు. ఆయన వచ్చాడు. నేను గది తలుపు వెనక నక్కి, బాపట్ల వెళ్ళానని చెప్పమన్నాను. మా ఆవిడ అలాగే చెప్పింది. ఆయన బోర్డు గోడకి ఆనించి మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు విన్నాను.

“బాబుగారొస్తే చెప్పండమ్మా, ఇది టేకు కాదండీ. పాపం, ఆయనకీ తెలిసుండదు” అన్నాడు.

బోర్డు మళ్ళీ తలకెత్తుకుంటూ ఒకసారి మూలిగాడు. నేను తలుపు తియ్యలేదు.

నాకు తెలుసు పోలయ్యా. నాకు తెలుసు.