ట్యాంకులో మేత

ఎనభైల్లో నన్ను విశాఖలో ఓ మురుగునీటి శుద్ధి ప్లాంటుకి కొత్త ఇంజనీరుగా వేశారు. అక్కడొక ముసలి ఆపరేటరు ఉండేవాడు. పొద్దున్నే, మురుగులోకి గాలి ఊదే ట్యాంకు గట్టు మీద వంగి, వాసన చూసి, "మేత్తన్నాయి బాబూ" అనేవాడు. మురుగుని తినే సూక్ష్మజీవులు ఆయనకి ఇంట్లో గేదెల్లాంటివే. నేను నవ్వుకుని నా గాజు గొట్టాలు కడుక్కునేవాణ్ణి.

ఇంతలో పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ప్లాంటు బాగా నడవకపోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. ట్యాంకులో గోధుమరంగు బురద చూస్తే నాకే సిగ్గేసింది. అంతా తోడించి బ్లీచింగు పొడితో కడిగేయమన్నాను.

"పశువుల్ని తోలేసి సాల కడగమంటన్నావేటి బాబూ?" అన్నాడు. అన్నాడే గానీ, కడిగాడు.

ట్యాంకు అద్దంలా మెరిసింది. కానీ మర్నాటినుంచి లోపలికొచ్చిన మురుగు వచ్చినట్టే నల్లగా బయటికి పోసాగింది. తనిఖీకింకా మూడు వారాలుంది. నేను తలపట్టుకు కూర్చుంటే ఆయన నన్ను పంపుషెడ్డు వెనక్కి తీసుకెళ్లి, నాలుగు డ్రమ్ముల మీది గోనెలు తీశాడు. అన్నిట్లోనూ పాత బురదే. నాకు తెలియకుండా దాచి, రోజూ ఇంత మురుగు పోసి, గెడతో కలియబెడుతూ సాకుతున్నాడు.

"ఇత్తనానికి ఉంచాను బాబూ" అన్నాడు.

ఆ బురదంతా మళ్లీ ట్యాంకులో పోశాం. తనిఖీ నాటికి నీళ్లు తేటపడ్డాయి. ఆఫీసరు సంతోషించి, "ఏం చేశారయ్యా?" అని నన్నడిగాడు. నేను గొంతు సవరించుకునేలోగా, గట్టు మీద వంగివున్న ఆపరేటరు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"బాబుగారు కడిగించడం మానేసారండి."