షంషాద్ మేడమ్ చదివిన సవరణ

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకు కడిగారు. లిఫ్టు దాకా ఒకటే బ్లీచింగ్ పౌడర్ వాసన. పక్కింటావిడ “హమ్మయ్య, ఇప్పుడు శుభ్రంగా ఉందండీ” అని మురిసిపోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ వాసన తగిలితే చాలు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టలూ, అక్కడి పెద్దమనుషుల అబద్ధాలూ, వాళ్ళకి లొంగని షంషాద్ మేడమూ గుర్తొస్తారు. ఆ యూనివర్సిటీ పేరు చెప్పను. వాళ్ళకి ఊరికే ప్రచారం ఎందుకు? గుంటూరు వైపు పత్తి చేల మధ్య లేచిన నాలుగు భవనాలనుకోండి, చాలు.

మేడమ్‌ది వేటపాలెం. నాన్నగారిది జీడిపప్పు వ్యాపారం. ఆవిడ మాకు జర్నలిజం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. మా క్యాంపస్ టీవీ ఆవిడ పట్టుబట్టి పెట్టించిందే. విరిగిన కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేయించి స్టూడియో అన్నారు. ఒక కెమెరా, దుప్పటి పరిచిన బల్ల, అక్కణ్ణుంచి హాస్టళ్ళకీ మెస్సుకీ లాగిన కేబుల్ వైరు, అంతే మా వైభవం. తీసేదీ, రాసేదీ, చదివేదీ అంతా విద్యార్థులమే. సాయంత్రం భోజనాల వేళకి అరగంట వార్తలు వచ్చేవి. మేడమ్ నియమం ఒక్కటే: మనం తప్పు చెబితే మర్నాడు దాని సవరణే మొదటి వార్త. ఆఖర్లో గొణిగి తప్పించుకోవడం కుదరదు. తప్పు చేసినవాళ్ళే కెమెరా ముందు కూర్చుని చదవాలి.

ఆ నియమం ఎంత గట్టిదో మా క్లాసుమేటు శ్రీనుకి తెలిసొచ్చింది. వాడిది దర్శి. మిరపకాయల రోజుల్లో ఒకసారి, గుంటూరు యార్డు సోమవారం తెరుస్తారని ధీమాగా చదివేశాడు. నిజానికి సరుకు ఎక్కువైపోయి సెలవులు పొడిగించారు. మెస్సులో వంట చేసే సుబ్బారావుగారు ఆ వార్త చూసి ఊళ్ళో ఉన్న అన్నకి ఫోన్ చేశారు. ఆయన ట్రాక్టరు నిండా బస్తాలు వేసుకొచ్చి మూసిన గేటు ముందు పడిగాపులు పడ్డాడు.

“ఏదో పొరపాటు మేడమ్. అయినా మన వార్తలు ఎవరు చూస్తార్లెండి?” అని నసిగాడు శ్రీను.

“చూడబట్టే కదయ్యా ఆ పెద్దాయన ఎండలో మాడుతున్నాడు! పద, ముందు ఆయనకి చెప్పు. ఆ తర్వాత ఊరందరికీ చెబుదువుగాని” అని మేడమ్ వాణ్ణి బస్సెక్కించి యార్డుకి తీసుకెళ్ళారు.

“ఏరా, టీవీలో నోటికొచ్చింది కూస్తావా?” అని ఆ రైతు దులిపేశాడట. మర్నాడు శ్రీను తల దించుకోకుండా సవరణ చదివాడు. మెస్సులో ఒక్కరూ నవ్వలేదు. సుబ్బారావుగారైతే వాడికి ఇంకో గరిటె పప్పు వేశారు. అప్పట్నుంచి మా టీవీలో చెప్పారంటే నిజమేనన్న పేరొచ్చింది.

ఆ పేరు మీదే యూనివర్సిటీ పెద్దమనుషుల కన్ను పడింది. ఆ వేసవిలో ఆడపిల్లల హాస్టల్లో వరసగా పచ్చకామెర్లు. నా రూమ్‌మేట్ నాగమణికి కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. వాళ్ళ నాన్న వచ్చి, నడవలేని పిల్లని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టుకున్నాడు. వార్డెనేమో “బయట పానీపూరీలు మెక్కి హాస్టల్ మీద పడతారు” అంది. మేము కెమెరా పట్టుకుని మేడెక్కాం. ట్యాంకుకి మూత లేదు, లోపలంతా పాచి. సాయంత్రం వార్తల్లో చూపించేశాం. తెల్లారేసరికి డబ్బాలకొద్దీ బ్లీచింగ్ పౌడర్ కుమ్మరించి, నీళ్ళు మొదట్నుంచీ శుభ్రమేనన్నారు. రిజిస్ట్రార్ మేడమ్‌ని పిలిపించాడు. నేనూ శ్రీనూ వెంట వెళ్ళాం.

“మీ దగ్గర మంచి పద్ధతుందట కదమ్మా, తప్పు చెబితే మర్నాడే దిద్దుకుంటారట! హాస్టల్ నీళ్ళ వార్త తప్పని ఇవాళ మొదటగా చదివించండి. మీ కాంట్రాక్టు సంగతి కూడా ఈ నెల్లోనే చూడాలి” అన్నాడు తాపీగా.

ఎంత సిగ్గులేనితనం! నిజం కోసం ఆవిడ కష్టపడి నిలబెట్టిన పద్ధతిని అబద్ధానికి అప్పివ్వమంటున్నాడు. ఆడపిల్లలు ఆ నీళ్ళే తాగాలి, లేదంటే ఆవిడ ఉద్యోగం పోవాలి.

“సరేనండి, సవరణ ఉంటుంది” అని మేడమ్ లేచారు.

“ఏంటి మేడమ్, ఒప్పేసుకున్నారా?” అని శ్రీను మెట్ల మీద అరిచాడు. ఆవిడ నేరుగా స్టూడియోకి నడిచారు.

ఆ సాయంత్రం మొదటిసారి మేడమే కెమెరా ముందు కూర్చున్నారు. “నమస్కారం. నిన్నటి వార్తలో ఒక తప్పు జరిగింది. హాస్టల్ ట్యాంకులో పాచి ఉందని మాత్రమే చెప్పాం. చచ్చిన పావురం కూడా ఉంది. పిల్లలు జడుసుకుంటారని ఆ ముక్క నేనే తీసేయించాను. తీసేయించకూడదు. తప్పు నాది. ఇప్పుడు చూడండి” అని ఆ దృశ్యం వేయించారు.

మెస్సులో చేతులు కంచాల్లోనే ఆగిపోయాయి. మర్నాడు ఆడపిల్లలందరం ఖాళీ బకెట్లతో ఆఫీసు ముందు బైఠాయించాం. వారం తిరక్కుండా మూతతో సహా కొత్త ట్యాంకు వచ్చింది. మేడమ్‌ని మాత్రం అర్హతలు చాలవని పంపేశారు. అన్నేళ్ళు చాలిన చదువు ఒక్క పావురంతో చాలకుండా పోయిందా? స్టూడియోకి తాళం పడింది. తర్వాత ఏసీ పెట్టి తెరిచారు. ఇప్పుడు అందులో వచ్చేవన్నీ శాలువాలూ పూలదండలే. మేడమ్ వేటపాలెంలో ఏదో బడిలో చేరారని తెలిసి ఫోన్ చేసి ఏడ్చాను.

“నా సంగతి అలా ఉంచమ్మాయ్. నాగమణికి నెమ్మదించిందా, అది చెప్పు ముందు” అన్నారు.

ఆవిడ నేర్పిన పనే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. దాంతోపాటు ఆనాటి కోపాన్నీ మోస్తున్నాను. వయసొచ్చింది కదా, ఇక వదిలెయ్ అంటారు కొందరు. ఎందుకు వదలాలి?

మొన్న ఆ యూనివర్సిటీ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. క్యాంపస్ టీవీ వార్షికోత్సవమట, పాత విద్యార్థులకి సన్మానమట.

“షంషాద్ మేడమ్‌ని పిలిచారా?” అని అడిగాను.

“ఆవిడెవరండీ?”

“రాసుకో నాయనా, చెబుతాను. పేరు షంషాద్ బేగం. ఊరు వేటపాలెం. మీ హాస్టల్లో పిల్లలు మంచినీళ్ళు తాగుతున్నారంటే ఆవిడ ఉద్యోగం పోగొట్టుకోబట్టి. ఈ మాట వేదిక మీద చదవండి, వస్తాను.”

“సార్‌ని అడిగి చెబుతానండీ” అన్నాడు.

ఇంకా అడుగుతూనే ఉన్నాడు కాబోలు.