దించే చోటు అడిగిన మామ

మేట్టుపాళయంలో మా షెడ్డు పక్కన ఉండే డ్రైవరును నేను మామా అని పిలిచేదాన్ని. ఆయనకొక లారీ, ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించే పొట్టి ట్రైలరు ఉండేవి. ఎవరు ఏ బరువు చూపించినా దాని మీద అరచెయ్యి ఆనించి, "దించేది యాడ?" అని అడిగేవాడు.

నాన్న పోయాక షెడ్డు ఖాళీ చేయమన్నారు. ఆయన నడిపిన నూనె ఆడే యంత్రాన్ని బాహూరులో మా ఇంటికి మార్చాలి. అది పాడైతే మళ్ళీ కొనే శక్తి నాకు లేదు.

"లారీలో వేసెయ్ మామా, గంటలో పోతాం," అన్నాను.

"ఎక్కించేదానికి ఈడ క్రేను ఉండాది. ఆడ ఏముండాది? లారీ నా రొమ్మెత్తు. ఆడనించి జారితే మీ నాయన మిషను ముక్కలైపోతాది పాపా. ట్రైలరైతే మోకాలెత్తే. మెల్లంగా పోదాం, శరియా?"

పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చేరాం. పలకలు వాల్చి, ఇనుప పైపుల మీద దొర్లిస్తూ, తాళ్ళు పట్టిన నలుగురినీ అదిలిస్తూ, చిన్న దెబ్బ కూడా తగలకుండా దించాడు. స్విచ్చి వేయగానే నాన్న ఉన్నప్పటి మోతే వినబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి మామ వెళ్ళిపోయాడు. అన్నం తినమని కూడా అనలేదు నేను. మొదట ఆడిన నువ్వుల నూనె ఆయన కోసం సీసాలో పోసి ఉంచాను. ఈ వారం, వచ్చే వారం అనుకుంటుండగానే ఆయన పోయాడని కబురొచ్చింది.

సీసా తీసుకుని వెళ్ళాను. ఆయన భార్య ఆ నూనెను ఆయన పటం ముందు దీపంలో పోసింది. నేను ఆయనకు వేడన్నంలో వేసి పెట్టాలనుకున్న నూనె అది.