దించిన బరువుల లెక్క

మా బాపు బరువు అరవై ఒక్క కిలోలు. మేం అద్దెకుంటున్నది రెండో అంతస్తు. మెట్లు ముప్పై ఆరు, లిఫ్టు లేదు. బాపు బాత్రూంలో జారి చీలమండ విరగ్గొట్టుకునేదాకా ఈ మూడు సంగతులనీ నేను ఎప్పుడూ కలిపి చూడలేదు.

పిండికట్టు వేశాక దవాఖానవాళ్లే స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. అప్పుడు మత్తులో ఉన్నాడు కాబట్టి అది లెక్కలోకి రాదంటాడు బాపు. పదిహేను రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీయాలని, ఎముక వంకరగా అతుక్కుంటే జీవితాంతం కుంటక తప్పదని డాక్టరమ్మ చెప్పింది. మూడు వారాలైనా ఆయన కదల్లేదు. జహీరాబాద్ మార్కెట్ యార్డులో హమాలీగా అల్లం బస్తాలు, ఆలుగడ్డ బస్తాలు మోసిన మనిషి.

"నేను మోసెటోన్ని. నన్నొకడు మోసుడేంది?" అన్నాడు. ఇక ఎవరేం చెప్పినా గోడవైపు తిరిగేవాడు.

కోపం వస్తే కొందరు గిన్నెలు విసురుతారు, నేను లెక్కలు వేస్తాను. సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్పే మాస్టర్ని, వేరే విద్య రాదు. తిరిగి పైకి తేవడమే కష్టమని దానికే లెక్క వేశాను. అరవై ఒక్క కిలోలు, ఆరు మీటర్ల ఎత్తు. పని సుమారు మూడువేల ఆరువందల జౌళ్లు. మూడు నిమిషాల్లో ఎక్కితే సామర్థ్యం ఇరవై వాట్లు. నా డెబ్బై ఎనిమిది కిలోలు కూడా నేనే మోసుకుపోవాలి కనుక దక్షత నలభై నాలుగు శాతం దాటదు. దిగడానికి లెక్క ఎందుకులే అని వదిలేశాను.

కాగితం బాపు ముందు పెట్టాను. ఆయన కాగితం చూడలేదు, నా భుజాలు చూశాడు.

"పడేస్తవ్."

"రెండు బల్బులు వెలిగేటంత సామర్థ్యం చాలు బాపూ."

"బల్బుకు మోకాళ్లుంటయా?"

నాకు ఒళ్లు మండింది. "ఇప్పుడు రాకపోతే కాలు ఖరాబయితది. ఇగ రోజూ నేనే మొయ్యాల్సొస్తది," అన్నాను. దానికి మాత్రం భయపడ్డాడు.

"సరే తియ్. నువ్వొక్కనివే. ఇంకెవ్వరు చెయ్యి పెట్టొద్దు," అన్నాడు.

మరునాడు పొద్దున వీపు మీద ఎక్కించుకున్నాను. పన్నెండు మెట్లు దిగేసరికి తొడలు వణకడం మొదలైంది. మలుపు దగ్గర ఆగిపోయాను. బరువుతో కదలకుండా నిలబడినవాడు చేసే పని సున్నా అని ఏటా తొమ్మిదో తరగతికి చెబుతాను. ఆ సున్నా పని చేస్తుంటే చెమట కళ్లలోకి కారింది.

"ఆగకు. ఆగితే బరువు పెరుగుతది," అన్నాడు బాపు నా చెవి పక్కన. "జర ముందుకు వంగు. ఊపిరి బిగబట్టకు."

వంగాను. నిజంగానే తేలికైంది. నా కాగితంలో ఆ సంగతి లేదు.

కింద ఆటోలో కూర్చోబెట్టి, దాని పైరేకు పట్టుకుని రొప్పుతుంటే అడిగాడు. "గిప్పుడెంత పని జేసినవ్‌రా, నీ లెక్కల?"

బరువు కిందికి పోతుంటుంది, మన బలం పైకి ఆపుతుంటుంది. అలాంటప్పుడు పనికి గుర్తు మారుతుంది. ఆలోచించకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మైనస్ మూడువేల ఆరువందలు."

"గింత మోస్తే మైనస్సా?"

"దించితే మైనస్సే బాపూ."

ఆయన పిండికట్టు కాలు సర్దుకున్నాడు.

"నేను నలభై ఏండ్లు జేసింది దించుడే గద," అన్నాడు మెల్లగా. "లారీల మీదికెల్లి. గదంత మైనస్సేనా?"

ఆ బస్తాలే నన్ను చదివించాయి. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లకూ, ఏ పిల్లాడికీ తెలిసి తప్పు జవాబు చెప్పలేదు.

"లేదు బాపూ. నీది ప్లస్సే."

"మరి నీది మైనస్ ఎట్లయింది?"

"నేను కొత్తోన్ని గద."

బాపు వణుకుతున్న నా కాళ్లను పైనుంచి కిందిదాకా చూశాడు.

"గది నిజమే," అని, కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు.