చెంబెత్తి తాగిన మూడు ఆదివారాలు

అహోబిలం దారిలో నేను మూడుసార్లు ఆగిపోయాను. చోటు మారింది గానీ నొప్పి మారలేదు. కుడి డొక్కలో, పక్కటెముకల కింద, ఎవరో వేలు పెట్టి మెలితిప్పుతున్నట్టు పోటు.

కిందటేడు అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నంద్యాలలో ఆపరేషన్ చేశారు, మళ్ళీ నడుస్తుందో లేదో చెప్పలేమన్నారు. ఆ ఆస్పత్రి వరండాలోనే మొక్కుకున్నాను. అమ్మ లేచి తిరిగితే, ఆళ్లగడ్డలో మా గడప నుంచి అహోబిలం దిగువ సన్నిధి దాకా పరుగెత్తుతానని, మధ్యలో ఒక్క అడుగు కూడా నడవనని. నడిచి వస్తానని అందరూ మొక్కుకుంటారు. నాకది చాలదనిపించింది. చిన్నప్పటి జబ్బులతో బడికి పోలేని నాకు అక్షరాలూ లెక్కలూ స్తోత్రాలూ ఇంట్లోనే నేర్పిన మనిషి మా అమ్మ.

స్వామి తన వంతు చేశాడు. ఉగాది నాటికి అమ్మ చేతికర్రతో పెరడంతా తిరుగుతోంది. ఇక మిగిలింది నా మాట. అమ్మ దానికి ఇంకో ముడి వేసింది.

"నీ మొక్కు తీరినాకనే నేను స్వామి మొగం చూసేది. అంతవరకూ పోను."

అంటే నేను ఆగిన ప్రతిసారీ అమ్మ దర్శనం కూడా ఆగిపోతుంది.

నెలల తరబడి కాలువ గట్టు మీద పరుగెత్తి కాళ్లను అలవాటు చేశాను. నంద్యాలలో వ్యాయామం మాస్టరుగా పనిచేసే తమ్ముడు ఆదివారం తెల్లవారుజామునే మోటారుసైకిల్ మీద వచ్చి, నీళ్ల క్యానూ రాగి చెంబూ కట్టుకుని నా వెనకాలే వచ్చేవాడు. దాహమైతే నిలబడి తాగొచ్చు, నడవకూడదంతే.

మొదటి ఆదివారం పరగడుపున మా ఇంటి అలవాటు ప్రకారం చెంబెడు నీళ్లు తాగి బయలుదేరాను. దారిలో మరో రెండు చెంబులు. సగం దూరం కూడా కాకముందే డొక్క పట్టేసింది. వంగిపోయి రోడ్డు పక్కన కూలబడ్డాను. ఆటోవాడొకడు పక్కన ఆపాడు.

"ఏమ్మా, బస్సు తప్పిపోయిందా? ఎక్కు, దింపుతా."

తమ్ముడు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

తప్పు నీళ్లదే అనుకుని రెండో ఆదివారం చుక్క ముట్టలేదు. సగం దాటేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయింది, కళ్లు తిరిగాయి. ఇక ఆగలేక చెంబు లాక్కుని గటగటా పోసుకున్నాను. వంద గజాలు పోయానో లేదో, అదే పోటు. మూడో ఆదివారం నీళ్లకు బదులు మజ్జిగ. చెంబు మాత్రం అదే, ఫలితమూ అదే.

"ఎన్ని తూర్లు చెప్పల్ల అక్కా నీకి? గుక్కెడు తాగు, పరుగెత్తు. మళ్ళా గుక్కెడు. నువ్వేమో తొట్టిలో పోసినట్టు పోసుకుంటాండావ్. రొప్పుతా ఎత్తిపోసుకుంటే నీళ్లతోపాటు గాలి గూడా మింగుతాండావ్. బాటిల్ తెస్తా, మూతికి పెట్టుకో."

"ఎంగిలి అయితాది."

"అయితే అయితాది! నీ బాటిల్, నీ మూతి."

చెంబు అంచు పెదవికి తగిలితే అమ్మ వేళ్ల మీద కొట్టి నేర్పిన ఇల్లు మాది. ఎత్తిపోసుకోవడం మొదలుపెడితే గుక్కెడుతో ఆపడం నాకు రాదు. పైగా మొక్కు దారిలో ఎంగిలా? ఇంటికొచ్చినా ఆపకుండా, నంద్యాల దాకా వినపడేలా వాడితో పోట్లాడాను.

ఆ సాయంత్రం పూజ అయ్యాక అమ్మ తీర్థం ఇస్తోంది. నా మొహం చూసి ఉద్ధరిణ ఆపింది.

"తీర్థం ఎట్ల తీసుకుంటావే?"

"అరచేతిలో. మూడు తూర్లు."

"చెయ్యి మూతికి తగలదా?"

"తగులుతాది."

"స్వామి ఏమన్నా అన్యాడా? ఆ బాటిల్ నీకొక్కదానికే పెట్టుకో. ఇంకెవురికీ ఇయ్యాకు. అయిపోయె."

మూడు ఆదివారాలు! "ఈ మాట ముందే చెప్పకూడదా?" అని అరిచాను.

"నువ్వు అడిగితివా?" అంది, తీర్థం పోస్తూ.

నాలుగో ఆదివారం బయలుదేరడానికి గంట ముందే రెండు గ్లాసులు తాగేసి కూర్చున్నాను. దారిలో తమ్ముడు బాటిల్ అందిస్తుంటే తీర్థమంత, ఇంకాస్త. కాసింత ఉప్పూ బెల్లమూ కలిపిన నీళ్లు. గొంతు మాత్రం చెంబు కోసం గింజుకుంటూనే ఉంది. అంత నీళ్లు పక్కనే పెట్టుకుని పెదవి తడుపుకోవడం ఎంత చిరాకో చెప్పలేను. కొండలు దగ్గరపడ్డాక పోటు మళ్ళీ మొదలైంది. వేగం తగ్గించాను గానీ నడవలేదు. డొక్కలో వేళ్లు గట్టిగా అదిమి, ఊపిరంతా బయటికి వదులుతూ, ఒక్కో ఊపిరికి ఒక్కో నామం అనుకున్నాను. ఎన్నో నామానికో తెలియదు, పోటు వదిలింది.

అలా ఒక్క అడుగూ నడవకుండానే సన్నిధి చేరాను. గుడి ముందు, ఆటోలోంచి దిగి అమ్మ నిలబడి ఉంది. లోపల స్వామిని చూసి ఏమడిగిందో తెలియదు. నేనేమీ అడగలేదు, ఇచ్చింది చాలన్నాను. బయటికొచ్చి మెట్టు మీద కూర్చుని అమ్మ ఆయాసపడుతూ అంది.

"నీళ్లు."

బాటిల్ అందించాను.

"ఎంగిలిది నాకిస్తావా?"

తమ్ముడి వైపు చూశాను. వాడు బండి వైపు చూశాడు.

"ఇంగెందుకులే అని చెంబు ఇంట్లోనే పెట్టొస్తి గదక్కా. క్యాన్లో నీళ్లు గూడా అయిపోయె."

కాళ్లు రెండూ కట్టెల్లా బిగుసుకుపోయాయి. విసుక్కుంటూనే లేచాను. దూరంగా అంగడి ముందు బిందె మీద లోటా బోర్లించి ఉంది. ఈసారి నడిచినా అడిగేవాళ్లు లేరు. అమ్మకు దాహంగా ఉంది, పరుగెత్తాను.